తుడిచివేయరాని శేషం

ప్రయోగశాలలో వచ్చిన ఫలితాన్ని పుస్తకంలోని అంకెకు సరిపడేలా దిద్దుకొనే అలవాటు విద్యకు గొడ్డలిపెట్టు. 1868 ఆగస్టు 18న మంగినపూడి చేరువలోని మచిలీపట్నంలో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్, వర్ణపటంలోని పసుపురేఖ సోడియానిదేనని తీర్మానించలేదు. అది హీలియమనే కొత్త మూలకానిదని తరువాత తేలింది. సూర్యునిలోని హీలియంలో అధికభాగం విశ్వం పుట్టిన తొలి నిమిషాలలోనే రూపొందింది.

1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్‌లకూ ఇట్టి చిక్కే ఎదురైంది: వారి రేడియో గ్రాహకంలో ఎడతెగని సవ్వడి. పావురాల రెట్టను శుభ్రపరచినా అది పోలేదు. వారూ దానిని విడువలేదు. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు వెలువడిన కాంతిశేషమే అది. నేడది 2.7 కెల్విన్‌ల ఉష్ణోగ్రతతో అన్ని దిక్కులనుండి మంగినపూడి తీరాన్నీ తాకుతున్నది.

లెక్కకు లొంగని శేషాన్ని తుడిచివేసే చేతికి కొత్త సత్యం చిక్కదు.