క్రీడా డైరెక్టర్ కుర్చీలో ఎవరిని కూర్చోబెడుతున్నారు?



విశ్వవిద్యాలయంలో క్రీడా విభాగం డైరెక్టర్ పోస్టు ఖాళీ అయితే చాలాచోట్ల ఏం జరుగుతుందో మీకు తెలుసు. వేరే విభాగం ప్రొఫెసర్‌గారికి అదనపు బాధ్యతలంటూ ఓ ఉత్తర్వు వస్తుంది. శాలువా కప్పుతారు, ఫొటో పేపర్లో పడుతుంది. ఆర్నెల్లకని వచ్చిన ఇన్‌ఛార్జి ఏళ్ల తరబడి సాగినా అడిగే నాథుడుండడు. భర్తీ జరిగినచోట కూడా సీనియారిటీ ఎవరిది, సిఫారసు ఎవరిది అనే లెక్కలే. ఈ మనిషి చేతికింద ఎంతమంది పిల్లలు పైకొచ్చారన్న ప్రశ్న బల్ల మీదికే రాదు.

ఆ కుర్చీలో పని తెలిసినవాళ్లుండటం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజికి జరిగింది వినండి. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున బరిలో దిగిన జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ పేరిట 13.38. అది 2002 నాటిది. అంత పాత రికార్డును అంత తేడాతో దాటినా, జ్యోతి పరుగు రికార్డు పుస్తకానికి ఎక్కలేదు. డోప్ పరీక్ష జరగలేదన్నారు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరన్నారు. ఆమె కాళ్లలో లోపం లేదు, హర్డిల్స్ ఎత్తులో లోపం లేదు. కాగితాల దగ్గర, ముందస్తు ఏర్పాట్ల దగ్గర పని ఆగిపోయింది. చివరికి 2022 మేలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాకే ఆ రికార్డు అధికారికంగా ఆమెదైంది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అంతటి పిల్ల కాబట్టి తట్టుకుని నిలబడింది. మనలో ఎంతమందికి రెండేళ్లు ఆగే ఓపిక, స్తోమత ఉంటాయి?

అందుకే మేం మొదట అడిగేది పెద్ద ఉపన్యాసకుణ్ని కాదు, పని తెలిసిన మనిషిని. పోటీకి ఎవరికి ఉత్తరం రాయాలి, ఏ అనుమతి ఎప్పటికి తేవాలి, ఎలిజిబిలిటీ ఫారం మీద రిజిస్ట్రార్ సంతకం ఏ తేదీలోగా పడాలి, సౌత్‌జోన్ పోటీలు సెమిస్టర్ పరీక్షలతో ఢీకొంటే పరీక్షల విభాగం దగ్గరికి వెళ్లి ఎవరితో మాట్లాడాలి అన్నది చేతివేళ్ల మీద ఉండాలి. జట్టు బయల్దేరే రోజుకి రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయంటే ఆ డైరెక్టర్ ఓడిపోయినట్టే. రాత్రంతా బోగీ తలుపు దగ్గర చతికిలబడి వెళ్లిన కబడ్డీ జట్టు పొద్దున్నే మ్యాచ్ గెలవాలని ఆశించడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇవి మా గొంతెమ్మ కోరికలు కావు. యూజీసీ 2018 నిబంధనలు చూడండి. విశ్వవిద్యాలయ క్రీడా డైరెక్టర్‌కు డాక్టరేటు, అనుభవం ఉంటే చాలదు. కనీసం రెండు వారాల శిక్షణ శిబిరాలు, పోటీలు నిర్వహించిన ఆధారాలుండాలి. తాను తీర్చిదిద్దిన జట్లు, క్రీడాకారులు రాష్ట్ర, జాతీయ, అంతర విశ్వవిద్యాలయ స్థాయిలో రాణించిన ఆధారాలుండాలి. కింది స్థాయి అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టుకైతే ముప్పయ్యేళ్ల లోపు పురుషుడు 12 నిమిషాల్లో 1800 మీటర్లు దాటి చూపించాలి. (ఈ పరీక్ష పెట్టే రోజున జనాన్ని కూడా మైదానంలోకి రానిస్తే బాగుంటుంది.) ఆధారాలు చూపమని నిబంధనే చెబుతోంటే, ఇంటర్వ్యూ గదిలో వాటిని అడగడానికి మొహమాటమెందుకు?

పతకం గెలిచినవాళ్లు వస్తే సంతోషమే. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిని 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌ను చేశారు, మనకు గర్వకారణం. కానీ తన పతకం వేరు, పక్కవాడి చేత పతకం కొట్టించడం వేరు. రెండోది చేసి చూపిన ఫిజికల్ డైరెక్టర్ ఏ మారుమూల డిగ్రీ కాలేజీలో ఉన్నా వెతికి పిలవండి.

అమ్మాయిల మాట విడిగా చెప్పాలి. 2023లో లైంగిక వేధింపులపై న్యాయం కోరుతూ ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మల్లయోధురాళ్లు ధర్నాకు కూర్చోవడం దేశమంతా చూసింది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, పోటీ జరిగే స్థలాన్నీ కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. అమ్మాయిల జట్టు వెంట మహిళా మేనేజర్‌ను పంపడం, బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందో లేదో చూసుకోవడం, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో మైదానం గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించడం డైరెక్టర్ పనే. 'మన పరువు పోతుందమ్మా, ఊరుకో' అనే మనిషి ఆ కుర్చీకి పనికిరాడు, ఎన్ని డిగ్రీలున్నా సరే.

ఇక డబ్బు. ప్రతి విద్యార్థి దగ్గరా స్పోర్ట్స్ ఫీజు వసూలు చేస్తున్నారు. ఎంత వచ్చింది, కిట్లకెంత, భత్యాలకెంత, అతిథుల భోజనాలకెంత? ఏటా నోటీసు బోర్డు మీద పెట్టగలిగినవాళ్లే మాకు కావాలి.

క్రీడల్లో మేటి విశ్వవిద్యాలయానికిచ్చే మౌలానా ఆజాద్ ట్రోఫీ దశాబ్దాలుగా ఎక్కువసార్లు పంజాబ్ వైపే వెళ్లింది. మన పిల్లలు పరుగులో తక్కువా? జ్యోతిని చూశాక ఆ మాట ఎవరూ అనలేరు. వెనక నిలబడే యంత్రాంగం దగ్గరే మనం తేలిపోతున్నాం.

కాబట్టి ఊరికే ఉండొద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టండి. క్రీడా డైరెక్టర్ రెగ్యులరా, ఇన్‌ఛార్జా? ఇన్‌ఛార్జి అయితే ఎప్పటి నుంచి? మూడేళ్లలో వసూలైన స్పోర్ట్స్ ఫీజు ఎంత, ఖర్చు ఎంత? ఎన్ని జట్లను పంపారు, ఎన్ని శిబిరాలు పెట్టారు? ముప్పై రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. ఆ జవాబు కాపీ పట్టుకుని వైస్ చాన్సలర్‌గారిని, పాలకమండలి సభ్యులను కలవండి. ఎంపిక కమిటీ కూర్చునేలోపే కలవండి, తర్వాత వెళ్లి లాభం లేదు. దరఖాస్తు నమూనా ఈ కరపత్రం వెనకవైపు ఉంది. పేరు, చిరునామా రాసి, సంతకం చేసి ఈ వారమే పంపండి.

ఇట్లు,
విశ్వవిద్యాలయ ప్రస్తుత, పూర్వ క్రీడాకారులు