లోన్ మన పేరు మీద, షాపు వాళ్ల పేరు మీదా?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను డిగ్రీ సెకండియర్, గిరిజన హాస్టల్లో ఉంటా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. అందుకే ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. పోయిన వారం మా మేనత్త కొడుకు, మా బావ, లోన్ కాగితాలు పట్టుకొచ్చాడు.

బావ టెన్త్ పాస్. ఆరేళ్ల నుంచి మండలంలో ఒక ఫ్లెక్సీ షాపులో పని. డిజైన్ చేసేది, మిషన్ నడిపేది, పెళ్లి కార్డులో తప్పులు చూసేది అంతా తనే. ఓనరు గిరిజనేతరుడు. "ఎస్టీ పేరు మీద సబ్సిడీ ఎక్కువ వస్తది. నీ పేరున లోన్ పెడదాం, సంతకాలు చెయ్యి, ఇరవై వేలు ఇస్తా" అన్నాడంట.

నేను చెప్పింది ఒక్కటే. లోన్ పెట్టు బావా, కానీ నీ షాపుకే పెట్టు.

లెక్క చూడండి. పీఎంఈజీపీ పథకంలో గ్రామాల్లో ఎస్టీలకు 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. ప్రాజెక్టు 8 లక్షలనుకుంటే మనం పెట్టేది 40 వేలు, సబ్సిడీ 2 లక్షల 80 వేలు. ఆ డబ్బు చేతికివ్వరు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి తర్వాత అప్పులో జమ చేస్తారు. అంటే ఇరవై వేలకి బావ అమ్ముకునేది 2 లక్షల 80 వేలు. పైగా కిస్తీలు ఆగితే నోటీసు ఓనరుకి రాదు, బావకొస్తది. ఒక కుటుంబంలో ఒక్కరికే ఇచ్చే అవకాశం కూడా పోతది.

"మనకి బ్యాంకు ఇవ్వదు" అంటారు చాలామంది. 1/70 చట్టం వల్ల మన భూమి గిరిజనేతరులకు పోదు. అది మనకు రక్ష. దాన్నే సాకుగా చూపి "మీ పట్టా మాకు పనికిరాదు" అని వెనక్కి పంపేవాళ్లున్నారు. కానీ 10 లక్షల లోపు చిన్న పరిశ్రమల లోన్‌కి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. ఆ మాట గట్టిగా అడగాలి.

ఇంకోటి. గవర్నమెంటు గ్యారంటీ అంటే మాఫీ కాదు. ఆ గ్యారంటీ బ్యాంకుకి, మనకి కాదు. కట్టాల్సింది మనమే. ఫ్లెక్సీ గిరాకీ ఎలక్షన్లు, జాతర్లు, పెళ్లిళ్లప్పుడే. వానాకాలం మిషన్ ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగదు. అందుకే ధైర్యం చాలనివాళ్లు ముద్ర శిశు లోన్‌తో, 50 వేల లోపు, జిరాక్స్, ప్రింటర్ పెట్టుకుని మొదలుపెట్టినా తప్పులేదు. స్కాలర్‌షిప్ ఫారాలు, సర్టిఫికెట్ల కాపీలు ఏడాదంతా ఉంటాయి కదా. అవి తీయించుకోవడానికి మనమే ఎంత ఖర్చు పెడుతున్నామో గుర్తు తెచ్చుకోండి.

మన సంఘాలు కూడా ఒకటి అడగాలి. ఐటీడీఏ ఆఫీసులు, ఆశ్రమ పాఠశాలల రిజిస్టర్లు, బ్యానర్లు, ప్రశ్నపత్రాల ప్రింటింగ్‌లో కొంత మన పిల్లల షాపులకివ్వాలి. కేంద్ర సంస్థలు కొనేవాటిలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 విధానంలోనే ఉంది. ఇక్కడెందుకు అడగకూడదు?

బావ ఇంకా ఊగిసలాటలోనే ఉన్నాడు. కాదంటే ఉన్న పని పోతుందని భయం. ఆ భయం తప్పని నేననను, ఇంట్లో ఇద్దరు పిల్లలు. సోమవారం ఇద్దరం జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్తున్నాం. ఇంతకుముందు ఈ లోన్ తీసుకుని షాపు నడుపుతున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కింద రాయండి. బావకి చూపిస్తా.