వజ్రగ్రహమని వ్రాసితిమి

వెనుక నొకమారు ఈ శీర్షికలోనే, కర్కాటకరాశిలో వజ్రములతో నిండిన గ్రహమొకటి కలదని ముచ్చటగా వ్రాసితిమి. ఒక సోదరి కుమార్తె ఆ మాటను బడిలో చెప్పి, "ఎవరు చూచినారు?" అని తోడివారడుగగా బదులు తోచక తలవంచుకొని వచ్చినదట. తల్లిగారు మాకు జాబు వ్రాసినారు. తప్పు బాలికది కాదు, మాది.

ఆ నక్షత్రము పేరు 55 కాంక్రి. మనకు 41 కాంతిసంవత్సరముల దూరము. ఫాల్గుణమాసమున రాత్రి తొమ్మిదిగంటల వేళ జడ్చర్లలో మిద్దెపై నిలిచినచో నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. బహు మందమైన చుక్క. రహదారి దీపముల వెలుగులో మా కన్నులకు కానరాలేదు. దానికి మిక్కిలి దగ్గరగా తిరుగు గ్రహము భూమికి సుమారు రెండింతల వెడల్పు, ఎనిమిదింతల బరువు గలది. ఇట్టివానిని మహాభూములనవచ్చును. అచ్చటి సంవత్సరము మన పదునెనిమిది గంటలకు లోపే! 2015లో దానికి జాన్సెన్ అని పేరిడిరి. 1868లో గుంటూరునకు వచ్చి సూర్యగ్రహణము చూచిన ఫ్రెంచి జాన్సెన్ కాదు సుమా. అంతకు పూర్వపు డచ్చి కంటియద్దముల పనివాడు.

గ్రహమును వేరుగా నెవరును చూడలేదు. నేయి కొనునపుడు గిన్నెతో తూచి, ఖాళీ గిన్నె తూకము తీసివేయుదుము గదా. అట్లే గ్రహము నక్షత్రము వెనుకకు పోవుటకు ముందు వచ్చు వెలుగు రెండింటిది. అది దాగియున్నప్పుడు వచ్చునది నక్షత్రమొక్కదానిదే. తీసివేయగా మిగిలినది గ్రహపు వెలుగు. స్పిట్జర్ అను అంతరిక్ష దూరదర్శిని, కంటికి కానరాని పరారుణ కిరణములలో, 2012లోను 2013లోను ఇట్లు కొలిచినది. నక్షత్రకాంతిని పదిలక్షల పాళ్లుగా నెంచినచో, గ్రహపు వెలుగు మొదటియేట 47 పాళ్లు, మరుసటియేట 176 పాళ్లు. గిన్నె యెంత బరువో, నేయి యెంత స్వల్పమో చూడుడు! ఆ స్వల్పమే నాలుగింతలకు దాపుగా పెరిగినది. అచ్చటి వేడిమి 1000 డిగ్రీల సెంటీగ్రేడునకును 2700 డిగ్రీలకును నడుమ మారినదని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి డెమొరీ, నిక్కు మధుసూదన్ మొదలగువారు 2015లో తెలిపిరి. అగ్నిపర్వతముల ధూళి కప్పినపుడు వేడి మరుగుపడుచున్నదేమోయని వారి యూహ.

వజ్రముల మాటయు మధుసూదన్ మొదలగువారు 2012లో చెప్పినదే. ఆ నక్షత్రమున ప్రాణవాయువు కంటె కర్బనము హెచ్చను లెక్కపై వారట్లు తలచిరి. 2013లో మరల పరిశీలించినవారికి ప్రాణవాయువే హెచ్చుగా కనబడినది. వారు "కావచ్చు" ననిరి. మేము "కలదు" అంటిమి. ఆ యొక్క మాట మేమే జారవిడిచితిమి.

స్పిట్జర్ 2020లో పని చాలించినది. తరువాత జేమ్స్ వెబ్ దూరదర్శిని అయిదుమారులు కొలువగా, వారము దినములలోనే వెలుగు మారుట కనబడినదని 2024లో ప్రకటించిరి. కరగిన రాతిసముద్రము నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడో, బొగ్గుపులుసు వాయువో ఆ గ్రహమును కప్పియుండవచ్చునని అదే యేట వేరొక బృందము తెలిపినది. ఈమారు "ఉండవచ్చును" అన్నమాట విడువలేదు.

ఆ బాలికకు వేరుగా జాబు వ్రాసితిమి. పై రెండంకెలను పలకపై వేసి తోడివారికి చూపుమంటిమి. వజ్రములను గూర్చి మరల నడిగినచో మా పేరు చెప్పుమంటిమి.