పురుషోత్తమ చౌధురి కీర్తనలు

తిరుచానూరులో ప్రాతఃకాలమున పద్మావతీ దేవాలయమునుండి నాగస్వరము వినవచ్చును. మా పాఠశాలలో ప్రార్థనవేళ కీర్తన మొదలగును. రెండింట నొకే రాగము పలికిన దినములు గలవు. ఇందుకు మేము పురుషోత్తమ చౌధురిగారికి ఋణపడియున్నాము.

1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశీయ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన యీ కవి 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. మతము మారినను పుట్టినింట విన్న సంగీతమును విడువక, పల్లవి చరణములతోనే క్రీస్తును కీర్తించెను. ఆయన 1890లో గతించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నేటికిని పాటలపై రాగతాళముల పేళ్లు అచ్చుపడియున్నవి. వానిని చూచి పాడువా రెందఱు?

గుడి బాణీ చర్చిలో నేల యని కొందఱును, మిషను పాట మాకేల యని కొందఱును అందురు. ఇరువురి మాటయు మాకు సమ్మతము కాదు. ఆంగ్ల గీతముల వరుసలు మంచివే. క్రిస్మసునాడు మేమును ఉత్సాహముతో పాడుదుము. కాని వానికి తెలుగు మాటలు తొడిగినపుడు దీర్ఘములు కుఱుచయై, హ్రస్వములు సాగి, నాలుక తడబడును. చౌధురిగారి కీర్తనలలో నా యిబ్బంది లేదు.

కావున వారమున కొక గంటయైన వీనిని తాళము వేయించి నేర్పవలెను. అందులకు గుడివద్ద నాగస్వరము వాయించు విద్వాంసునే పిలిచినను తప్పులేదని మా యభిప్రాయము.