పిల్లలు పడవెక్కమంటే...

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అబ్బాయికి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం. ఈ జూన్‌లో తల్లిదండ్రులను రప్పించుకుంటున్నాడు. మనవలతో కలిసి ఆర్కన్సా నదిలో రబ్బరు పడవ మీద పోవడానికి అప్పుడే టిక్కెట్లు కూడా కొనేశాడట. ఆమె భర్తకు 61 ఏళ్లు. రక్తపోటు, చక్కెర జబ్బు రెండూ ఉన్నాయి. ఆయనేమో ‘‘సాగర్ కాలువలో ఎదురీదినవాణ్ణి, నాకేం భయం!’’ అంటున్నారు. ‘‘వద్దంటే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. సరేనందామంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?’’ అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. అలాగని ఆ సరదా అందరికీ కూడనిదీ కాదు. ముందు నది సంగతి తెలుసుకోండి. ఇలాంటి నదుల ఉరవడిని 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజించారు. 1, 2 తరగతులు పిల్లాపాపలతో వెళ్లదగినవి. 3లో అలలు గట్టిగా కొడతాయి. 4, 5 బాగా అనుభవం ఉన్నవారికి. 6 జోలికి పోనేకూడదు. మే, జూన్ నెలల్లో అక్కడి కొండలమీద మంచు కరిగి నది పొంగుతుంది. కనుక ‘‘మేము వెళ్లే రోజున, వెళ్లే చోట అది ఏ తరగతి?’’ అని అబ్బాయిని అడగండి. అరవై దాటి, రక్తపోటు ఉండి, మొదటిసారి ఎక్కేవారికి 2 దాటవద్దని నా సలహా.

రెండోది చలి. ఈత వచ్చినవారు మోసపోయేది ఇక్కడే. మన కాలువ నీరు ఒంటికి హాయిగా ఉంటుంది. అది మంచు కరిగిన నీరు. 15 డిగ్రీల కన్న చల్లని నీటిలో హఠాత్తుగా పడితే మనిషి ఒక్కసారి ఎగశ్వాస తీస్తాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ స్థితి రెండు మూడు నిమిషాలుంటుంది. అంతసేపూ ఎంతటి ఈతగానికైనా ఈత అక్కరకు రాదు. తల నీటిపైన నిలిపేది లైఫ్ జాకెట్ ఒక్కటే.

గుండెపోటు వచ్చినవారు, మెట్లెక్కితే ఛాతీలో నొప్పి వచ్చేవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, మూర్ఛలు వచ్చేవారు, గర్భిణులు ఈ పడవ ఎక్కకూడదు. మీవారికి ప్రయాణానికి ముందే రక్తపోటు, చక్కెర, ఇ.సి.జి. పరీక్షలు చేయించి, చూసే డాక్టరు సరేనంటేనే పంపండి. ఆ రోజు మాత్రలు మానరాదు. ఖాళీ కడుపుతో వెళ్లరాదు. చక్కెర తగ్గితే నోట్లో వేసుకునేందుకు గ్లూకోజు తడవని సంచిలో ఉంచుకోవాలి. బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులకూ, ఇలాంటి ఆటలకూ వర్తిస్తుందో లేదో అడగండి.

పత్తి పండే సీమలో ఉండి ఈ మాట అనకూడదు గాని, ఆ రోజుకు నూలు బట్టలు వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. జాకెట్ బకిల్సన్నీ బిగించాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాకా జారిందంటే అది వదులు. నీటిలో పడితే నిలబడాలని చూడకండి. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం పోయే వైపు చాచి, వేళ్లు పైకి కనిపించేలా ఉంచాలి.

అక్కడ జాకెట్ లేనిదే పడవ ఎక్కనివ్వరు. కనుక మారుమాటాడకుండా వేసుకుంటాం. మరి ఇక్కడ? 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మన ఒంగోలు వారే. అది ఉరకలేసే కొండనది కాదు, మనం దీపాలు వదిలే కృష్ణమ్మే. చాలామంది ఒంటిమీద జాకెట్ లేదు.

ఇంకొక మాట. మునిగినవారిని బయటకు తీశాక తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం తప్పు. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. తరువాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. మళ్లీ రెండుసార్లు ఊదండి. సాయం అందేదాకా ఇలాగే చేస్తుండాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. అమెరికాలో అయితే 911.

డాక్టరు వద్దంటే మీవారు ఒడ్డున కూర్చుని మనవల ఫొటోలు తీయవచ్చు. అది పిరికితనం కాదు, పెద్దరికం. అబ్బాయికి ఈ ఉత్తరమే చూపించండి. తిరిగి వచ్చాక కార్తీకంలో భవానీ ద్వీపానికి వెళ్తే, అక్కడ అలవాటైన జాకెట్ ఇక్కడా అడగండి. లేదంటే పడవ దిగిపొండి.