పాత జె.సి.బి. కొనబోయే ముందు

మా బావగారు ఈ మధ్యనే ఉద్యోగ విరమణ చేశారు. హోసూరు దాపున ఆయనకు నాలుగెకరాల మెట్ట ఉన్నది. దాన్ని చదును చేయించి, గట్లు వేయించి, ఒక నీటికుంట తవ్వించి, కొబ్బరిమొక్కలు నాటించాలని ఆయన కోరిక. కోరిక మంచిదే. అయితే అందుకోసం పాత జె.సి.బి. ఒకటి కొని తీరుతానని పట్టుబట్టారు. ఖరీదు పదిహేను లక్షలు. చేతికొచ్చిన సొమ్ము చాలక, చూపు అక్కయ్య గాజుల మీద పడింది.

“ఒరేయ్, నువ్వు రోజూ లెక్కలు రాసేవాడివి గదా, ఒకసారి వెంట వెళ్లి చూడరా” అన్నది అక్కయ్య.

జె.సి.బి. అన్నది నిజానికి ఒక కంపెనీ పేరు. 1945లో ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన దాన్ని స్థాపించాడు. మనవాళ్లకు మాత్రం ముందు పెద్ద తొట్టి, వెనుక తవ్వే చెయ్యి ఉన్న ప్రతి బండీ, ఏ కంపెనీదైనా, జె.సి.బి.యే.

యంత్రాల సంగతి నాకు తెలియదు. అందుచేత ఇటువంటి బండ్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయనను బతిమాలి, ముగ్గురం కలిసి బెంగళూరు శివార్లలోని ఒక యార్డుకు వెళ్లాం. బండి కొత్త రంగుతో పెళ్లికొడుకులా ఉన్నది. తాళం తిప్పగానే స్టార్టయింది. బావగారి ముఖం వికసించింది. మేస్త్రీ మాత్రం బానెట్టు మీద చెయ్యి పెట్టి, “ముందే వేడి చేసి ఉంచారు. రేపు తెల్లవారి వస్తాం” అన్నాడు.

మర్నాడు చల్లటి ఇంజను నాలుగుసార్లు మూలిగి లేచింది, నీలిపొగ కక్కింది. నీలిపొగ అంటే ఇంజనులో ఆయిల్ కాలుతున్నట్లట. ఆయిల్ కొలిచే కడ్డీ తీస్తే తెల్లగా పాలలా కనిపించినా ప్రమాదమే, నీళ్లు కలిసినట్లు. తరువాత వెనుక చేతిని పైకెత్తించి ఇంజను ఆపించాడు. పది నిమిషాల్లో అది తనంతట తానే జారింది. హైడ్రాలిక్ సిలిండర్ల సీళ్లు అరిగిపోవడమే ఇందుకు సాధారణ కారణమట. బకెట్‌ను పట్టి ఊపితే పిన్నులు, బుష్‌లు గడగడలాడాయి. మీటరు నాలుగువేల గంటలు చూపుతున్నది గాని, కాలితో తొక్కే పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి ఉన్నది. మీటరును మార్చవచ్చు, పెడలు మాత్రం అబద్ధమాడదు. కొత్త రంగు కింద వెల్డింగు అతుకులున్నాయేమో కూడా చూడాలన్నాడు.

కాగితాలు నా విద్య. బండి కర్ణాటకలో రిజిస్టరైంది, పొలం తమిళనాడులో ఉన్నది. అక్కడి ఆర్.టి.ఓ. ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించి పన్ను కట్టాలి. ఆర్.సి.లో బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్లు 35వ నంబరు ఫారం మీద బ్యాంకువారి సంతకం కావాలి. ఆ బండికి బ్యాంకు పేరున్నది, ఫారం లేదు. అడిగితే “తరువాత పంపుతాం” అన్నారు.

దారిలో లెక్క వేశాను. మా వైపు కిరాయి గంటకు పన్నెండు వందలు, డ్రైవరు, డీజిలు వాళ్లవే. పదిహేను లక్షలకు 1,250 గంటలు వస్తాయి. మొదటి ఏడాది తప్పితే నాలుగెకరాలకు ఏటా యాభై గంటల పని కూడా ఉండదు. ఉన్నదనుకున్నా ఇరవై అయిదేళ్లు!

“మళ్లీ అమ్ముకుంటే డబ్బు రాదటోయ్?” అన్నారు బావగారు.

“మనం చూసినట్లే కొనేవాడూ చూస్తాడు గదండీ బావగారూ” అన్నాను. ఆయన రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు.

పోయిన నెల కిరాయి బండి పెట్టించారు. నలభైరెండు గంటల్లో చదును, గట్లు పూర్తయ్యాయి. 50,400 రూపాయలైంది. కుంట ఇంకా మిగిలి ఉన్నది. కిరాయికి తిప్పి బ్రతకదలచిన వారి లెక్క వేరు. సొంత పొలానికి మాత్రమే అయితే, ముందు గంటలు లెక్కపెట్టుకోండి. ఆ తరువాత కూడా కొనాలనిపిస్తే మేస్త్రీని వెంటబెట్టుకుని తెల్లవారుజామునే వెళ్లండి.

బావగారు ఇప్పటికీ రోడ్డు మీద పచ్చబండి కనబడితే నిలబడి చూస్తారు. అక్కయ్య గాజులు మాత్రం ఆమె చేతులకే ఉన్నాయి.