దీప ఎందుకు నిరూపించుకోవాలె?



సీరియళ్ల మీద పోస్ట్ అంటే కొందరు అన్నలు ఇక్కడికే ఆపి పోతరని నాకు తెలుసు. స్కాలర్‌షిప్ బకాయిల గురించో, గ్రూప్స్ నోటిఫికేషన్ గురించో రాయొచ్చు గదా అంటరు. అవి కూడా రాస్తం. కానీ మన రామారెడ్డి మండలంల ఏ తండాకన్న పొద్దుగూకినంక పోయి చూడున్రి. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, మక్క కంకులు ఒలుచుకుంట టీవీ ముందట కూసుంటరు. రాత్రి చూసింది చాలక పగటిపూట మళ్ల వేసే ఎపిసోడ్ కూడా చూస్తరు. చూసి ఊకోరు, వాదన పెట్టుకుంటరు. ఎవరి బిడ్డ ఎవరు, ఎవరు దాస్తున్నరు, ఎప్పుడు బయట పడుతది అని. మా హాస్టల్ల కూడా అంతే. మెస్‌ల పప్పు నీళ్ల లెక్క ఉన్నా ఎవరూ మాట్లాడరు గానీ, దీప సంగతి వస్తే నాలుగు టేబుళ్లు ఒక్కటైతయి.

ఈ వాదనలు ఉత్తవి కావని నా అభిప్రాయం. అయితే మనం తప్పు ప్రశ్న మీద వాదిస్తున్నం అని కూడా నా అభిప్రాయం.

కార్తీకదీపం స్టార్ మా ఛానెల్ల 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23 దాకా నడిచింది. 1500కు పైగా ఎపిసోడ్లు. నేను ఆరో ఏడో తరగతిల ఉన్నప్పుడు మొదలైంది, ఇంటర్‌కు వచ్చేటప్పటికి అయిపోయింది. కథ అందరికీ తెలిసిందే. డాక్టర్ బాబు కార్తీక్‌కు పిల్లలు పుట్టరని మోనిత అబద్ధం నమ్మిస్తది. దీప కడుపుతోటి ఉంటే ఆయన అనుమానపడుతడు. ఆమె ఇల్లు విడిచి, వంటలు చేసుకుంట వంటలక్క అయి బతుకుతది. కవల పిల్లలల్ల సౌర్య తల్లి కాడ, హిమ తండ్రి కాడ. హిమ ఎవరి బిడ్డో సౌందర్యకు తెలుసు, చెప్పదు. మధ్యల 2022ల దీపను, కార్తీక్‌ను యాక్సిడెంట్‌ల చంపేసి, పిల్లల్ని పెద్దగ చేసి, కొన్ని నెలలకు మళ్ల వాళ్లనే తీసుకొచ్చిన్రు. దాని మీద మా దాది ఇప్పటికీ మాట్లాడుతది. "సచ్చినోళ్లు వస్తే మా ఆయన ఎందుకు రాడు" అని నవ్వుతది.

ఆ సీరియల్ నడిచినన్ని రోజులు తెలుగోళ్లందరూ అన్నమాట ఒక్కటే. "డాక్టరే గదా, డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఒక్క రోజుల తేలిపోతది." మీమ్స్ వేసిన్రు, నవ్విన్రు. మా హాస్టల్ల కూడా ఇప్పటికీ అదే వాదన. అబ్బాయిలే కాదు, మా క్లాస్ ఆడపిల్లలు కూడా "దీప టెస్ట్ అడిగి మొఖం మీద కొట్టాల్సింది" అంటరు.

నేను అడిగేది ఏందంటే, రిపోర్ట్ ఎవరిది? కార్తీక్‌ది. పిల్లలు పుట్టరని చెప్పింది ఎవరికి? ఆయనకు. మరి ఇంకో ల్యాబ్‌కు పోవాల్సింది ఎవరు? డాక్టర్ అయ్యుండి ఆ రిపోర్ట్‌నే నమ్మిండు. ఆ మాట ఎవరూ అనరు. ఆమె రక్తం, ఆమె బిడ్డ రక్తం తీసుకొని తేల్చాలె అంటరు. ప్రేక్షకులు కూడా తెలియకుండనే కార్తీక్ పక్కన నిలబడ్డట్టు అయింది.

మన చట్టం ఈ విషయంల సీరియల్ కన్నా, మన కన్నా మెరుగ్గ ఉన్నది. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ల, పెళ్లి బంధం ఉన్నప్పుడు పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డనే అని లెక్క. ఆ టైంల ఇద్దరు కలుసుకునే అవకాశమే లేదని చూపిస్తే తప్ప దాన్ని కాదనేది లేదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంల కూడా ఇదే మాట 116వ సెక్షన్ కింద ఉన్నది. 2023 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసుల, భార్య మీద అనుమానం ఉన్నదని పిల్లోనికి డీఎన్ఏ టెస్ట్ చేయించుమంటే ఒప్పుకోలేదు. భార్యాభర్తల కొట్లాటల పిల్లల పుట్టుకను ఊకెనే ప్రశ్నించొద్దని చెప్పింది. అంటే డాక్టర్ బాబు కోర్టుకు పోయినా అంత తేలికగ టెస్ట్ వచ్చేది కాదు. లా చదువుతున్న అక్కలు, అన్నలు ఇంకా బాగ చెప్తరు.

ఇది కథ సంగతే అయితే ఇంత రాయకపోదును. మా రూంల ఒక చెల్లె ఉండె. డిగ్రీ రెండో సంవత్సరం, మంచిగ చదివేది. ఎవరో ఒకరు "హాస్టల్ల ఉంటది, ఫోన్ల ఎవరితోటి మాట్లాడుతదో" అని ఊర్ల ఒక మాట అన్నరు. ఆ మాట అన్నది ఎవరో కూడా ఇప్పటిదాకా తెల్వదు. వాళ్ల బాపు వచ్చి ట్రంకు పెట్టె సర్దుకొని తీసుకపోయిండు. ఆమె ఏ రిపోర్ట్ చూపించాలె? కాల్ లిస్ట్ తీసి చూపించింది. అది చూసి "తీసేసి ఉంటవ్" అన్నరంట. నిరూపించుకునుడు మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతదో ఎవరూ చెప్పలేరు. సీత సంగతి మనకు తెల్వంది కాదు. సీరియల్ల దీపకు జరిగింది ఏండ్లకేండ్లు సాగదీసిన్రని నవ్వుతం గానీ, మా చెల్లెకు ఒక్క మధ్యాహ్నంల అయిపోయింది.

మా యాడి చదువుకోలేదు. ఆమె ఈ వాదనల ఒక్క మాట అన్నది. "ఆమె వంట చేసుకొని బతుకుతున్నది గదా, మళ్ల ఆయన కాడికే ఎందుకు పోవాలె?" ఇంతమంది రాసిన కామెంట్లల్ల నాకు ఇట్లాంటి మాట దొరకలేదు. అందుకే ఆడోళ్లు సీరియల్ మీద మాట్లాడుకుంటే నేను పక్కన కూసోని వింట. సొంత ఇంటి సంగతి బయటికి చెప్పలేనోళ్లు దీప పేరు పెట్టి చెప్పుకుంటరు.

ఇంకో సంగతి. ఈ కథ తెలుగుది కాదు. మలయాళంల కరుత్తముత్తు అని 2014ల వచ్చింది. పేరుకు నల్ల ముత్యం అని అర్థం. దాన్నే తెలుగుల, కన్నడంల, తమిళంల, మరాఠీల, హిందీల తీసిన్రు. ఒక్క మొగోని అనుమానం ఇన్ని భాషలల్ల నడిచింది! దీపగ చేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళంల కూడా ముందు ఆ పాత్ర చేసింది. ఆమె నలుపు కాదు, మేకప్‌తోటి నల్లగ చేసిన్రు. నలుపు అమ్మాయి కష్టాల మీద కథ తీసి, నల్లగున్న అమ్మాయిని పెట్టుకోలేదు. మా హాస్టల్ల నిజంగ ఆ రంగున్నోళ్లం చాలామందిమి ఉన్నం. దీన్ని ఇంతటితోటి వదిలేస్త, ఎందుకంటే నాకు అసలు కోపం వచ్చేది రెండో కార్తీకదీపం మీద.

2024 మార్చిల మొదలైన కార్తీకదీపం ఇది నవవసంతంల దీప మళ్ల వంట చేసేదే, ముత్యాలమ్మగూడెం నుంచి వచ్చిందే. గూడెం అనే పేరు వినంగనే మా వాళ్లు సంబరపడ్డరు. తర్వాత రహస్యం బయటికొచ్చింది. పుట్టినప్పుడు పారిజాతం పిల్లల్ని మార్చిందంట. దీపనే సుమిత్ర అసలు బిడ్డ, పెద్దింటి వారసురాలు. ఆ ఇంట్ల పెరిగి చెడ్డ పనులు చేసే జ్యోత్స్న మాత్రం ఆ ఇంటి రక్తం కాదు. చూసేటోళ్ల వాదనంత సుమిత్రకు ఎప్పుడు తెలుస్తది, ఎవరు చెప్తరు అన్న దాని మీదనే.

ఆలోచన చేయున్రి. దీప మంచిది, ధైర్యం గలది. ఎందుకు? ఆమెను పెంచిన తండ్రి కష్టపడి పెంచిండు కాబట్టి అని కథ గట్టిగ చెప్తదా? చెప్పదు. ఆఖరికి "పెద్దింటి రక్తం గదా" అన్న కాడికి తెస్తది. జ్యోత్స్న అంత గారాబంల పెరిగి అట్లెందుకైంది? "ఆ ఇంటి రక్తం కాదు." ఇది ఒక్క సీరియల్ సంగతి కాదు. తప్పిపోయిన బిడ్డ, పుట్టుమచ్చ, మార్చిన ఉయ్యాల అని చిన్నప్పటి నుంచి చూస్తనే ఉన్నం. పేదింట్ల తెలివైన పిల్ల కనబడితే చాలు, ఎక్కడో ఒక బంగ్లాల ఆమె అసలు తల్లిదండ్రులు తయారుగ ఉంటరు.

గుణం రక్తంల ఉంటది అన్న మాట మన జాతులకు కొత్త కాదు. 1871ల బ్రిటిషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగి బతికే ఎన్నో జాతుల్ని పుట్టుకతోటే దొంగలని రాసిన్రు. లంబాడీలను కూడా కొన్ని ప్రాంతాల్ల ఆ జాబితాల పెట్టిన్రు. స్వతంత్రం వచ్చినంక 1952 దాకా ఆ చట్టం పోలేదు. దొంగతనం రక్తంల ఉంటదన్న మాటను మనం తప్పు అంటం. మరి మంచితనం పెద్దింటి రక్తంల ఉంటదన్న మాటను రోజూ రాత్రి చూసి ఎట్ల కండ్లనీళ్లు పెట్టుకుంటున్నం? రెండూ ఒక్క చెట్టు కాయలే గదా. మనింట్ల మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినోళ్లం మనం. "మీ వాళ్లల్ల ఇంత మంచిగ చదువుతరా" అని ఎవరో ఒకరు అందరినీ అడిగే ఉంటరు. ఆ ప్రశ్నల ఉన్నది కూడా ఇదే లెక్క.

గుప్పెడంత మనసు సంగతి కూడా చెప్పాలె. 2020 డిసెంబర్ నుంచి 2024 ఆగస్టు దాకా వచ్చింది. వసుధార పెళ్లి వద్దని, చదువు కోసం ఇల్లు విడిచి వచ్చి, హోటల్ల పని చేసుకుంట చదివింది. మన కథకు అన్నిటికన్నా దగ్గర ఆమెదే. కానీ మా హాస్టల్ల వాదన ఎప్పుడూ రిషి తల్లి జగతి ఎందుకు విడిచిపోయింది, ఆయన అమ్మా అని ఎప్పుడు పిలుస్తడు అని. వసుధార ఫీజు ఎట్ల కట్టింది, ఏ రూంల ఉన్నది, పని చేసి వచ్చి ఎప్పుడు చదివింది, ఒక్కరు కూడా అడగలేదు. నాకు మాత్రం అదే పెద్ద రహస్యం. చెప్తే మేము కూడా నేర్చుకుందుము.

మా దాదికి ఈ పుట్టుక రహస్యాలు అసలు ఎక్కవు. "గోత్రం అడగకుండ పెళ్లి ఎట్ల చేసిన్రు?" అంటది. ఆమె అడిగేది న్యాయమే. మన తండాల సంబంధం అంటే ముందు గోత్రం. రాథోడా, పమారా, చౌహానా, వడిత్యానా, అందుల ఏ పాడ, అన్నీ అడిగినంకనే కుండల నీళ్లు ఇస్తరు. ఎనకట వంశాల కథలు చెప్పేటందుకు భాట్లు, ఢాడీలు తండాలకు వచ్చేటోళ్లు. ఆదిలాబాద్ దిక్కు గోండు అన్నలల్ల ప్రధాన్లు కిక్రి వాయించుకుంట వంశాల కథ పాడుతరు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల లెక్క చెప్తరు. అంటే మన దగ్గర ఒక మనిషి వెనకటి కథ పదిమందిల కూసోని వినేది. దాసిపెట్టి ఏండ్లకేండ్లు నడిపించే సొమ్ము కాదు. (గోత్రం లెక్కతోటి ఆడపిల్లకు మంచే జరిగింది అని నేను అంటలేను. అది వేరే పోస్ట్.)

మా తండాకు భాట్ వచ్చి ఎన్నేండ్లైందో మా దాదికి కూడా యాదికి లేదు. ఆయన చెప్పిన దాంట్ల ఆమెకు గుర్తున్నది ఏడు తరాల పేర్లు. అన్నీ మొగోళ్ల పేర్లే. వాళ్ల యాడీల పేర్లు అడిగితే తన అత్త పేరు దాకా చెప్పి ఆగింది. దసరా సెలవులల్ల అవన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్న. రామారెడ్డి, సదాశివనగర్, గాంధారి దిక్కు తండాలల్ల ఇంకా భాట్లు వస్తున్నరా? వస్తే ఏ నెలల వస్తున్నరు? తెలిసినోళ్లు కింద రాయున్రి. మీ దాది, నానిలకు వాళ్ల తల్లుల పేర్లు ఎన్ని తరాల దాకా తెలుసో అవి కూడా అడిగి రాయున్రి.